మూడు నిమిషాల పదిహేను సెకన్ల ముడి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతిలో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. ఏడాదిగా ‘సైలెంట్ హంటర్’ అనే జలాంతర్గామి ఆట పట్టుకున్నాడు. ఆదివారం వస్తే ఐదారు గంటలు కంప్యూటర్ ముందే. పోనీ కాల్పులూ కేకలూ ఉంటాయా అంటే అవీ తక్కువే, చాలాసేపు సముద్రం తప్ప ఏమీ కనబడదు. పక్కన నోటు పుస్తకం పెట్టుకుని ఏవో కోణాలు, లెక్కలు రాస్తుంటాడు. ప్రతి పేజీలోనూ ‘3 ని. 15 సె.’ అని ఉంటుంది. ఏమిటిరా అది అంటే నవ్వి ఊరుకుంటాడు. నేవీలో చేరి జలాంతర్గామి నడుపుతానంటున్నాడు. నాకేమో కంప్యూటర్ సైన్స్ చదివించాలని ఉంది. ముందు ఆ ఆట తీసేయమని వాళ్ల అమ్మ పోరు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు ఆ మూడు నిమిషాల పదిహేను సెకన్ల ముడి విప్పనివ్వండి. మిగతా సలహా అంతా దాని వెనకే వస్తుంది.

సముద్రం మీద వేగాన్ని నాట్లలో కొలుస్తారు. గంటకు 1,852 మీటర్లు వెళ్తే ఒక నాటు. ఆ లెక్కన ఒక నాటు వేగంతో వెళ్లే ఓడ 3 నిమిషాల 15 సెకన్లలో దాదాపు సరిగ్గా 100 మీటర్లు జరుగుతుంది. మీ వాడు పెరిస్కోప్‌లో ఒక సరకు ఓడను చూసి, పటం మీద దాని చోటు గుర్తు పెట్టి, గడియారం నొక్కుతాడు. 3 ని. 15 సె. కాగానే మళ్లీ గుర్తు పెడతాడు. రెండు గుర్తుల మధ్య 800 మీటర్లుంటే ఓడ వేగం 8 నాట్లు. గుణకారం లేదు, భాగహారం లేదు, రెండు సున్నాలు కొట్టేస్తే చాలు. గజాల్లో కొలిచే అమెరికన్ పక్షం ఆడేవాళ్లకైతే ఇదే చిట్కా సరిగ్గా 3 నిమిషాలకు కుదురుతుంది. మీ వాడు 15 సెకన్లు అదనంగా లెక్కపెడుతున్నాడంటే మీటర్లలో కొలుస్తున్నాడన్నమాట. బహుశా జర్మన్ యు-బోట్ల పక్షం, 2005లో వచ్చిన మూడో భాగం ఆడుతుండాలి.

ఆ పుస్తకంలో 15 డిగ్రీల కోణం కూడా ఎక్కడో ఒక చోట కనబడాలి, వెతకండి. ఓడ వెళ్లే దారికి లంబంగా జలాంతర్గామిని నిలిపి, ఎదురుగా టార్పెడో (నీటి అడుగున దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం) వదలాలనుకుందాం. టార్పెడో వేగం 30 నాట్లు, ఓడ వేగం 8 నాట్లు. టార్పెడో వెళ్లి తగిలేలోగా ఓడ ముందుకు జరిగిపోతుంది కదా, అందుకని ఓడ నేరుగా ఎదురుకు రాకముందే వదలాలి. ఎంత ముందు? టాన్ విలువ 8/30 అయ్యే కోణమెంతో చూడండి, కొంచెం తక్కువ 15 డిగ్రీలు. ఇందులో తమాషా ఏమిటంటే ఓడ ఎంత దూరంలో ఉందో తెలియనక్కరలేదు, లెక్కలో దూరం కొట్టుకుపోతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం త్రికోణమితి ఇంతకంటే బాగా చెప్పిన పాఠం నేను ఈ మధ్య చూడలేదు.

మీరు గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఈ లెక్కలన్నీ తన సిబ్బందిలోని ఆయుధాల అధికారికి అప్పగించే సౌకర్యం ఆ ఆటలోనే ఉంటుంది. ఒక మీట నొక్కితే కోణం, దూరం, వేగం అన్నీ అతనే చూసుకుంటాడు. మీ వాడు దాన్ని ఆపేసి చేత్తో లెక్క వేస్తున్నాడు. ఎవరూ అడగని పనిని, మార్కులు రాని పనిని కష్టమైన దారిలో చేస్తున్నాడు. ఇన్నేళ్లుగా పిల్లల జాతకాలు చూస్తున్న నాకు (గ్రహాలతో కాదు లెండి) ఈఏపీసెట్ ర్యాంకు కంటే ఇదే ఎక్కువ చెబుతుంది.

ఆట గురించి రెండు ముక్కలు. 1996లో వచ్చిన మొదటి సైలెంట్ హంటర్ రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద అమెరికా జలాంతర్గాముల పోరు. 2001 నాటి రెండోది, 2005 నాటి మూడోది అట్లాంటిక్‌లో జర్మన్లవి. 2007లో వచ్చిన నాలుగోది మళ్లీ పసిఫిక్‌కు వెళ్లింది, 2010 నాటి ఐదోది తిరిగి అట్లాంటిక్‌కు వచ్చింది. మూడు, నాలుగు, ఐదు భాగాలను తయారుచేసింది యుబిసాఫ్ట్ వారి రుమేనియా బృందం. ఇరవై ఏళ్ల నాటి మూడో భాగాన్ని ఇప్పటికీ వదలని అభిమానులు ఉన్నారు. దానికి వాళ్లే మార్పులు చేసి కొత్త ఓడలు, కొత్త శబ్దాలు చేరుస్తుంటారు.

ఇక నేవీ మాట. ఆటకీ అసలుకీ తేడా చెప్పే మీట ఒకటి అందులోనే ఉంది, కాలాన్ని వందల రెట్లు వేగంగా నడిపించేది. సముద్రం ఖాళీగా ఉన్నప్పుడు మీ వాడు అది నొక్కి రెండు వారాల ప్రయాణాన్ని అర గంటలో దాటేస్తాడు. నిజమైన జలాంతర్గామిలో ఆ రెండు వారాలే ఉద్యోగం. వంతుల వారీగా కాపలా, పనిముట్ల తనిఖీ, ఇరుకు పడక, ఇంటి నుంచి ఫోను లేని రోజులు. మీ వాడు బహుశా నడుపుతున్న టైప్ 7సి రకం యు-బోటు పొడవు 67 మీటర్లు. అందులో 44 నుంచి 52 మంది ఉండేవారు. రెండు మరుగుదొడ్లలో ఒకటి యాత్ర మొదట్లో తిండి సామాన్లతో నిండిపోయేది. అన్ని రకాల యు-బోట్లలో కలిపి వెళ్లిన సుమారు 40 వేల మందిలో నాలుగింట మూడొంతుల మంది తిరిగి రాలేదు. ఆటలో మునిగితే మళ్లీ మొదటి నుంచి ఆడొచ్చు. ఈ మాట మీ వాడికి చెప్పండి, బెదిరించడానికి కాదు, తెలియాలి కాబట్టి. ఆ పడవలు ఎవరి కోసం పోరాడాయో కూడా చరిత్ర పుస్తకంలో చదివించండి.

అంతా విన్నాక కూడా నేవీ అంటే దారులు స్పష్టంగానే ఉన్నాయి. ఒకటి ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. వయసు పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600, ఆ తర్వాత ఐదు రోజులు సాగే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఎంపికకు 900 మార్కులు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మీ వాడికి ఇంగ్లిష్ చదివే అలవాటు తక్కువైతే ఇప్పటి నుంచే రోజూ ఒక పత్రిక చదివించాలి. రెండోది టెన్ ప్లస్ టూ బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. ఎంపికైతే కేరళలోని ఎళిమల నావల్ అకాడమీలో నాలుగేళ్ల బీటెక్, ఖర్చు నేవీదే. దీనికి ఎంపీసీలో 70 శాతం కావాలి. అంటే జేఈఈకి చదివే చదువు ఎటూ వృథా పోదు, మీ బెంగ సగం ఇక్కడే తీరాలి.

నేవీలో చేరినంత మాత్రాన జలాంతర్గామిలో వేయరు. అది స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారికే, అదీ వైద్య పరీక్షలు దాటాకే. శిక్షణ మన విశాఖపట్నంలోనే, ఐఎన్‌ఎస్ శాతవాహనలో. ఆ తర్వాత పడవలో ఉంటూ అన్ని విభాగాలూ నేర్చుకుని పరీక్షల్లో నెగ్గితేనే ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జీ. ఒక పని మాత్రం ఈ వారమే చేయండి. కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి చూపుతో పాటు రంగులు గుర్తుపట్టే పరీక్ష కూడా చేయించండి. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు రెండేళ్లు ఎన్‌డీఏకి చదివి, రాతపరీక్ష నెగ్గి, చివరి వైద్య పరీక్షలో రంగుల దగ్గర ఆగిపోయాడు. ముందే తెలిసి ఉంటే ఆ రెండేళ్లు మిగిలేవి.

కన్ను సహకరించకపోయినా, మనసు మారినా దారి మూసుకుపోదు. నిజానికి ఆ నోటు పుస్తకాన్ని బట్టి చూస్తే మీ వాడు పడవ నడిపే మనిషా, పడవలో పరికరాన్ని తయారుచేసే మనిషా అన్నది నాకింకా తేలలేదు. ఇక్కడొక పాత సంగతి చెప్పాలి.

1943 జులైలో టినోసా అనే అమెరికా జలాంతర్గామి జపాన్ వారి తోనాన్ మారు-3 అనే పెద్ద నౌకను పట్టుకుంది. మొదటి దెబ్బలకు ఆ నౌక కదలకుండా నిలిచిపోయింది. ఇక కెప్టెన్ డాస్పిట్ తీరిగ్గా, సరిగ్గా లంబంగా నిలిచి, పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టు ఒక్కొక్కటే టార్పెడో వదిలాడు. తగిలినవి తగిలినట్టే పేలకుండా పోయాయి. మొత్తం పదిహేను వదిలాక, మిగిలిన ఒక్కదాన్ని వదలకుండా పరీక్ష కోసం పెర్ల్ హార్బర్‌కు వెనక్కి తెచ్చాడు. పసిఫిక్‌లో అమెరికా జలాంతర్గాముల అధిపతి అడ్మిరల్ లాక్‌వుడ్ మనుషులు ఆ రకం టార్పెడోలను హవాయి దీవుల్లోని ఒక కొండచరియకేసి పేల్చి చూశారు, క్రేన్‌తో ఎత్తు నుంచి ఉక్కు పలక మీదకు జారవిడిచి చూశారు. తేలిందేమిటంటే, ఏటవాలుగా తగిలితే కొన్నైనా పేలుతున్నాయి, నేరుగా లంబంగా తగిలితేనే పేల్చే సూది దెబ్బకు ఇరుక్కుపోతోంది. గురి ఎంత బాగుంటే టార్పెడో అంతగా మొరాయించిందన్నమాట! సూదిని తేలిక లోహంతో చేశాక గానీ ఆ జబ్బు నయం కాలేదు. అంతకు ఏడాది ముందు, 1942లో, అవే టార్పెడోలు పెట్టిన లోతు కంటే పది అడుగుల పైగా కిందికి పోతున్నాయని ఆస్ట్రేలియా తీరంలో చేపల వల కట్టి, దానికి పడిన చిల్లులు కొలిచి కనిపెట్టారు.

వల కట్టి చిల్లులు కొలవడం కూడా ఉద్యోగమే. ఆ ఉద్యోగం మీకు పెద్ద దూరంలోనూ లేదు. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ 1969 నుంచి టార్పెడోలు, నీటి అడుగు ఆయుధాల మీద పనిచేసే, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి ప్రయోగశాల. వరుణాస్త్ర టార్పెడోను రూపొందించింది అక్కడే, దాన్ని తయారుచేస్తున్నది భారత్ డైనమిక్స్ వారు. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, ఏది చదివినా గేట్ స్కోరుతో డీఆర్‌డీఓలో సైంటిస్టు పోస్టుకు ప్రయత్నించవచ్చు. పడవ ఆకారమే ఇష్టమైతే నావల్ ఆర్కిటెక్చర్ ఉంది. ఐఐటీ మద్రాసు, ఖరగ్‌పూర్‌లలో జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో దాని సొంత ప్రవేశ పరీక్ష ద్వారా చేరవచ్చు. సీట్లు తక్కువ, పేరు ఎక్కువ మందికి తెలియదు, అందుకే పోటీ కూడా కంప్యూటర్ సైన్స్ అంత కాదు.

శబ్దం సంగతి వేరుగా చెప్పాలి. ఆటలో హైడ్రోఫోన్ (నీటి లోపలి చప్పుళ్లు వినే పరికరం) దగ్గర కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ప్రొపెల్లర్ చప్పుడును బట్టి అది నింపాదిగా వెళ్లే సరకు ఓడా, జలాంతర్గాములను వేటాడుతూ వేగంగా వస్తున్న డిస్ట్రాయర్ యుద్ధనౌకా అని పోల్చుకోవాలి. మీ వాడు దాని దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాడేమో చూడండి. అదే పనిని గణితంతో చేస్తే సోనార్ (శబ్దంతో నీటి అడుగున వెతికే పద్ధతి) సిగ్నల్ ప్రాసెసింగ్. ఎలక్ట్రానిక్స్ బీటెక్ చేసి, నీటి అడుగు శబ్దశాస్త్రంలో ఎంటెక్ చేస్తే కొచ్చిలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌పీఓఎల్ లాంటి చోట్ల చేసేది ఇదే. ఈ రంగంలో మనుషులు తక్కువ, పని జీవితకాలానికి సరిపడా ఉంది.

మీరు కోరుకునే కంప్యూటర్ సైన్స్‌కూ ఆట అడ్డు కాదు. ఆట ఫైళ్లు తెరిచి, ఓడ వేగం మార్చి, అలల ఎత్తు మార్చి చూసే అలవాటు ఉంటే ఆ కుర్రాడికి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. సైన్యానికి శిక్షణ సిమ్యులేటర్లు చేసే జెన్ టెక్నాలజీస్ హైదరాబాద్‌లోనే ఉంది. కాకపోతే ‘గేమ్ డిజైన్’ అని పెద్ద బోర్డు పెట్టి లక్షలు గుంజే ఏడాది కోర్సుల జోలికి పోకండి. ముందు గట్టి బీటెక్, భౌతికశాస్త్రం, సీ ప్లస్ ప్లస్. ఆ తర్వాతే మిగతావి.

అమ్మగారికి ఒక మాట. ఆట తీసేయకండి, వేళ పెట్టండి. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు చాలు. ఈ ఆటలో మధ్యలో ఆపి దాచుకునే వీలుంది కాబట్టి ‘ఇప్పుడు ఆపితే అంతా పోతుంది’ అనే సాకు చెల్లదు. రాత్రి పదకొండు తర్వాత మాత్రం శత్రు ఓడల బారు (కాన్వాయ్) ఎంత దగ్గరకొచ్చినా కంప్యూటర్ ఆపాల్సిందే. జేఈఈ రాసేవాడికి నిద్ర తగ్గితే అన్ని దారులూ మూసుకుపోతాయి.

సంక్రాంతి సెలవులకు వాణ్ని విశాఖ తీసుకెళ్లండి. రామకృష్ణా బీచిలో ఐఎన్‌ఎస్ కురుసురా ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, ఇప్పుడు మ్యూజియంగా ఒడ్డున నిలిచిన 91 మీటర్ల జలాంతర్గామి. 1971 డిసెంబరులో ఆ తీరానికి దగ్గర్లోనే మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ, పుట్టుకతో అమెరికాది, 1945లో డయాబ్లో పేరుతో ఆ దేశ నేవీలో చేరిందని కూడా చెప్పండి, కళ్లు పెద్దవి చేస్తాడు. కురుసురా లోపల ఒక గది నుంచి ఇంకో గదికి వంగి దూరుతున్నప్పుడు మీరు పడవను చూడకండి, మీ వాణ్ని చూడండి. పడకల దగ్గర ఆగి ‘ఇక్కడ ఎలా పడుకునేవారు’ అని అడుగుతున్నాడా, టార్పెడో గొట్టం దగ్గర తలుపు ఎలా మూసుకుంటుందో వంగి చూస్తున్నాడా, సోనార్ గది ముందు నుంచి కదలడం లేదా?

అంతకంటే ముందు, ఈ ఆదివారం, ఆ నోటు పుస్తకం వాడి అనుమతితోనే ఒకసారి తిరగేయండి. మునిగిన ఓడల లెక్క వదిలేయండి. గురి తప్పినప్పుడు ఎందుకు తప్పిందో కింద రాసుకున్నాడా? వేగం తప్పు వేశాడా, కోణం తప్పు చూశాడా అని గుర్తు పెట్టుకున్నాడా? అలాంటి పేజీ ఒకటి కనబడితే దాన్ని ఫోటో తీసి ఉంచండి, మీరిద్దరూ నా దగ్గరకు వచ్చే రోజు మార్కుల జాబితాతో పాటు అదీ తీసుకురండి.