బేకరీ ఓవెన్‌కు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే సరిపోతుందా?

మియాపూర్‌లో పది బై ఇరవై షట్టర్‌లో బేకరీ పెడుతున్నామన్నారు. రెండు డెక్కుల గ్యాస్ ఓవెన్‌కు పొగగొట్టం వేయాలా, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే చాలా, సిలిండర్ వెనకే పెట్టుకోవచ్చా అని అడిగారు. ఫ్యాన్ చాలదు. అసలు మమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఆ ఫ్యానే.

నాచారంలో మా మొదటి షాపుకు పొగగొట్టం ఉంది, వేడికి తట్టుకోలేక గోడకు పెద్ద ఫ్యాన్ కూడా పెట్టించాం. ఎండాకాలం ఏ గొడవా లేదు. డిసెంబర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ఉస్మానియా బిస్కెట్ల వాయి వేసేటప్పుడు చలికి షట్టర్ దించేసేవాళ్లు. ఒకరోజు మాస్టర్ తలనొప్పి అన్నాడు, కుర్రాడు వాంతి చేసుకున్నాడు. రాత్రి తిన్న బిర్యానీ మీద వేశాం నేరం. మర్నాడూ అదే. బయట చాయ్ బండి దగ్గర కాసేపు నిలబడితే తగ్గిపోయేది. మంట కూడా నీలంగా కాకుండా పసుపుగా వస్తోంది.

పాత మెకానిక్ ఒకాయన వచ్చి, ముందు లీకేజీ లేదని చూసుకుని, పొగగొట్టం మొదట్లో అగరబత్తి పట్టుకున్నాడు. పొగ పైకి పోవాల్సింది గదిలోకి తిరిగింది. షట్టర్ రెండడుగులు ఎత్తగానే పైకి లేచింది. విషయం ఏమిటంటే, ఫ్యాన్ గాలిని బయటికి తోస్తోంది, లోపలికి వచ్చే దారి లేదు. దాంతో గొట్టంలోంచే లాగుతోంది, కాలిన గ్యాస్ గదిలోకి వస్తోంది. ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్ ఒక పాలు సరిగ్గా కాలాలంటే 24 పాళ్ల గాలి కావాలి. అది అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది. తలనొప్పి, వాంతులు దానివల్లే. ఎల్‌పీజీకి కావాలని వాసన కలుపుతారు, కార్బన్ మోనాక్సైడ్‌కు ఏ వాసనా ఉండదు.

తర్వాత వెనక గోడలో కింద జాలీ పెట్టించాం, మూయడానికి వీల్లేకుండా. గొట్టాన్ని డాబా పైదాకా, పై అంతస్తు కిటికీకి దూరంగా లేపాం, వాన పడకుండా టోపీ వేశాం. జాలీ ఎంత ఉండాలో ఓవెన్ ప్లేటు మీదున్న కిలోవాట్లను బట్టి లెక్క కట్టించుకోండి, కంటి అంచనా వద్దు.

సిలిండర్ ఓవెన్ వెనక అస్సలు వద్దు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుని మోరీలోకి దిగుతుంది. బయట నిలువుగా, కింద గాలి ఆడేలా పెట్టి, లోపలికి ఇనుప పైపు తెచ్చుకోండి. రబ్బరు పైపును గోడలోంచి దూర్చకండి. 19 కిలోలవి ఐదైతే 95 కిలోలు, మొత్తం 100 దాటితే లైసెన్సు కావాలి. లీకేజీకి సబ్బు నీళ్లు చాలు. వాసన వస్తే స్విచ్ ఏదీ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

రేపు భాగ్యనగర్ గ్యాస్ పైప్‌లైన్ తీసుకుంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే జెట్‌లు మార్పించాలి. అందులో వచ్చేది సహజవాయువు, గాలికన్నా తేలిక, పైకి పోతుంది. కాబట్టి ఎల్‌పీజీ కోసం కింద పెట్టిన లీకేజీ డిటెక్టర్ ఉంటే అది కూడా పైకి మారాలి.

సెకండ్ హ్యాండ్ ఓవెన్ అయితే, మంట ఆరితే గ్యాస్ తనంతట తానే ఆగే సేఫ్టీ వాల్వ్ పనిచేస్తోందో లేదో డబ్బు ఇవ్వకముందే చూడండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాం. మాస్టర్‌కు దాని మీద నమ్మకం లేదు. జాలీ ఉన్నా ఇప్పటికీ షట్టర్ రెండడుగులు ఎత్తే ఉంచుతాడు. వీధి కుక్క ఒకటి రోజూ ఆ సందులోంచి తల పెట్టి బిస్కెట్ తీసుకుపోతుంది.