సరిగమ సందేహాలు: డ్రమ్మర్ రాడు, బేసిస్ట్ ఆగడు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులల్ల సగానికి పైన ఒకటే ఏడుపు. హన్మకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్, అన్ని దిక్కులకెల్లి అదే. స్కేల్ దొరుకుతలేదు, కార్డ్స్ వస్తలేవు అని అడిగినోళ్లు తక్కువ, బ్యాండ్‌కు మనుషులు దొరుకుతలేరు, దొరికినోళ్లు ఉంటలేరు అన్నోళ్లే ఎక్కువ. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఇవే తీసుకున్న.

ప్రశ్న: అన్నా నమస్తే. నలుగురం దోస్తులం కలిసి ఏడాది కింద బ్యాండ్ పెట్టినం. గిటార్ నేనే, పాడేది కూడా నేనే. మా డ్రమ్మర్ మస్తు వాయిస్తడు, అబద్ధం చెప్ప, వాడు కూసుంటే పాట లేస్తది. కానీ ప్రాక్టీస్ అంటే రాడు. ఆరింటికి రమ్మంటే ఆరున్నరకు "దారిలున్న అన్నా" అని మెసేజ్ పెడ్తడు, ఫోన్ చేస్తే వెనకాల టీవీ వినపడ్తది, వాళ్లమ్మ అన్నం తినమని పిలుసుడు కూడా వినపడ్తది. గ్రూప్‌ల ఏం పెట్టినా బొటనవేలు బొమ్మ ఒకటి పెడ్తడు, దానికి వస్త అని అర్థమా, చూసిన అని అర్థమా ఇప్పటికీ తెల్వది. పోయిన నెల ఒక కాలేజీ ఫెస్ట్‌ల సౌండ్ చెక్ అయిపోయినంక వచ్చిండు. తీసేద్దామంటే చిన్నప్పటి సోపతి, పైగా ఇంకొకడు దొరుకుతడో లేదో. ఏం జెయ్యాలె?
(పేరు వెయ్యొద్దన్న తమ్ముడు, నయీంనగర్, హన్మకొండ)

జవాబు: తమ్మీ, ముందుగాల ఒకటి చెప్పు, మీ చేతిల ప్రోగ్రామ్ డేట్ ఏమన్న ఉన్నదా? నువ్వు రాసిన దాంట్ల ఒక్క ఫెస్ట్ తప్ప ఇంకేం కనపడలే. డేట్ లేని ప్రాక్టీస్‌కు ఎంత దోస్తయినా నాలుగు వారాలు వస్తడు, అయిదో వారం టీవీల క్రికెట్ గెలుస్తది. పెద్ద స్టేజే ఉండాలని లేదు. మీ గల్లీ వినాయకుని మండపం, తెలిసినోళ్ల రిసెప్షన్, స్కూల్ యాన్యువల్ డే, ఏదో ఒకటి ఒప్పుకోని ఆ డేట్ రూము గోడ మీద రాసి పెట్టుండ్రి. డేట్ దగ్గర పడ్డంక కూడా రాలేదంటే ఇగ అనుమానం అక్కర్లేదు.

ఇంకోటి, వారం వారం గ్రూప్‌ల "ఎప్పుడు కలుద్దాం" అని అడుగుడు బంద్ చెయ్యి. అడిగినవంటే నలుగురికి నాలుగు రోజులు కుదురుతయి, ఆ నాలుగిట్ల ఒక్కటి కూడా కలవది. ఒకటే రోజు, ఒకటే టైం, మార్చేది లేదు. ఆరింటికంటే ఆరింటికి ఎవరొస్తే వాళ్లతోని మొదలు, ఎనిమిదింటికి ఖతం. మనోళ్లు ఏం చేస్తరంటే వచ్చిన ముగ్గురు కూసోని రానోని గురించి ముచ్చట పెట్టుకుంటరు, చాయ్ తాగుతరు, వాడొచ్చినంక మొదలు పెడ్తరు, వాడు వినలేదని ఫస్ట్ పాట మళ్ల వాయిస్తరు. అంటే టైంకి వచ్చినోనికి శిక్ష, లేటుగొచ్చినోనికి మర్యాద, ఇగ వచ్చే వారం ముగ్గురూ లేటే వస్తరు.

డ్రమ్మర్ దిక్కెల్లి కూడా జర చూడాలె మరి. నువ్వు గిటార్ భుజానికేసుకోని బండి మీద వస్తవు. వాని కిట్టు ఎక్కడున్నది? ఇంట్ల ఉంటే కిక్ డ్రమ్ము, టామ్‌లు, స్నేర్, హై-హ్యాట్ స్టాండు, సింబల్స్ సంచి, పెడలు, స్టూలు అన్నీ ఆటోల ఎక్కించి, దించి, మెట్ల మీదికి మోసి, ఒక్కొక్కటి బిగించి, రెండు గంటలు వాయించి మళ్ల అన్నీ విప్పుకోని పోవాలె, ఆటో పైసలు కూడా వానియే. బద్ధకం డ్రమ్మర్లు అని పేరు పడ్డోళ్లల్ల నేను చూసిన చాలామంది బద్ధకస్తులు కాదు, మోసి మోసి యాష్టకొచ్చినోళ్లు. కిట్టు ప్రాక్టీస్ రూములనే ఉంచుండ్రి. రూము లేకుంటే ప్రాక్టీస్ వరకు కహోన్ తెచ్చుకోండ్రి, అదే, మీద కూసోని చేతులతోని కొట్టే చెక్కపెట్టె, దాంతోని లయ పట్టుకుంటే చాలు, పక్కింటోళ్లు కూడా బతుకుతరు. పక్కింటోళ్లంటే యాదికొచ్చింది, గోడలకు కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే సౌండ్ బయటికి పోదని మస్తు మంది పైసలు పెడ్తున్నరు, పోతది. అవి లోపలి గోల జర తగ్గిస్తయి గంతే. తలుపు కింద సందు మూసి కిటికీకి మందం బొంత కట్టినా అంతకంటే నయం.

ఇవన్నీ చేసినంక కూడా వాని కథ అట్లనే ఉంటే ఒక్కన్నే కూసోబెట్టుకోని మొహం చూసి చెప్పు, గ్రూప్‌ల కాదు. 1962 ఆగస్టుల బీటిల్స్ వాళ్లు డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేసి రింగో స్టార్‌ని తెచ్చుకున్నరు గదా, ఆ మాట బెస్ట్‌కు చెప్పింది మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్, తోటి ముగ్గురు ఆ రూముల లేనే లేరు. ఎదురుంగ చెప్పే గుండె వాళ్లకే లేకపాయె. సోపతి మిగలాలంటే నువ్వే చెప్పాలె, "నువ్వు వాయించుడు నాకు ఇష్టమేరా, కానీ రెండు ప్రాక్టీసులకు రాకపోతే ఆ ప్రోగ్రామ్‌కు వేరేటోన్ని పెట్టుకుంట" అని. పెట్టుకో కూడా. నన్నడిగితే మామూలుగా వాయించి టైంకి వచ్చేటోడే ముద్దు, ఫిల్లులు, రోల్స్ లాంటి హంగులు తర్వాతైనా నేర్చుకుంటడు.

ప్రశ్న: డ్రమ్స్, బేస్ (అడుగు స్వరాలు పలికే గిటార్) వాయించేటోళ్లు మన దిక్కు అసలున్నరా? ఎవర్ని అడిగినా గిటారే అంటున్నరు.
(ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: కాజీపేటల ఉండి ఈ మాట అడుగుతున్నవా! మీ చర్చీలల్లకెల్లి వచ్చిన కీబోర్డోళ్లు, బేసోళ్లు, డ్రమ్మర్లు ఎందరో ఉన్నరు. వారం వారం నలుగుర్ల వాయించి అలవాటైనోళ్లు, టైం తప్పరు, పాడేటోళ్లను మింగకుండ వాయిస్తరు. కాకపోతే ఆదివారం పొద్దున ప్రోగ్రామ్ పెట్టుకుంటే రారు, డిసెంబర్ నెలంతా క్యారల్స్‌లనే ఉంటరు, అది తెలిసి పిలవాలె.

ఆర్కెస్ట్రాలల్ల ప్యాడ్స్, అదే కరెంటు డ్రమ్ములు, వాయించేటోళ్లు ఇంకో రకం. ఏ పాటైనా ఒక్కసారి వింటే ఎత్తుకుంటరు, ప్రాక్టీస్ అంటేనే నవ్వుతరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్లిళ్లల్ల వాళ్లు దొరకరు. ఆషాఢంల, పుష్యంల ఖాళీగుంటరు, సోపతి చెయ్యాలంటే అప్పుడే చెయ్యాలె. ఎన్ఐటీ పిలగాళ్లు దేశం నలుమూలలకెల్లి వస్తరు, మంచి మంచి వాయిద్యగాళ్లుంటరు, వాళ్ల ఫెస్ట్ స్ప్రింగ్‌స్ప్రీ అయితుంటే పోయి చూడు, కానీ ఎండకాలం సెలవులంటే మాయం, నాలుగేళ్లయితే మొత్తానికే మాయం. వరంగల్ల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల కూడా ఉన్నది, అక్కడ మృదంగం, వయొలిన్ నేర్చుకునే పిల్లల్ని అడిగే బ్యాండ్ నాకు ఒక్కటి కనపడలే. బరాత్‌ల క్లారినెట్, ట్రంపెట్ ఊదే బ్యాండు మేళమోళ్లను అడిగేది అంతకంటే లేదు. లయ గురించి వాళ్లకు తెలిసినంత యూట్యూబ్‌ల గిటార్ నేర్చుకున్నోళ్లకు తెల్వది, ఈ మాటకు నా మీద కోపమొచ్చినా సరే.

"డ్రమ్మర్ కావాలె" అని స్టేటస్ పెడితే ఎవరూ రారు. ఏ పాటలు, ఏ ఏరియా, ఏ రోజు ప్రాక్టీస్, కిట్టు ఉన్నదా తెచ్చుకోవాల్నా, పైసలొస్తయా రావా, ఇవి రాయి. డబ్లిన్‌ల లారీ ముల్లెన్ అనే పిలగాడు 1976ల స్కూల్ నోటీసు బోర్డు మీద కాయితం అంటిస్తే వచ్చినోళ్లతోనే యూ2 బ్యాండ్ మొదలయింది, కాబట్టి కాయితానికి సిగ్గు పడకు, మ్యూజిక్ షాపోన్ని బతిమిలాడి అద్దానికి అంటియ్యి. వచ్చినోనికి రెండు పాటలు పంపి వారం టైం ఇయ్యి. ఆ రెండు పాటలు వినకుండ వచ్చిండంటే ఎంత బాగ వాయించినా వద్దు.

ప్రశ్న: అన్నా, నేను బ్యాండ్‌ల సింగర్‌ని, మిగతా అందరు అబ్బాయిలే. ప్రాక్టీస్ రాత్రి తొమ్మిదింటికి పెడ్తరు, మా ఇంట్ల పంపరు, నేను రాకపోతే "ఆమె మీద నమ్మకం లేదు" అని వేరే అమ్మాయిని చూస్తున్నరు. పోయినప్పుడు కూడా పాటలన్నీ వాళ్ల స్కేల్‌లనే సెట్ చేసి పెడ్తరు, నాకేమో కింద అందదు.
(ఒక చెల్లె, హన్మకొండ)

జవాబు: చెల్లె, ఇక్కడ నమ్మకం లేనిది నీ మీద కాదు, ఆ బ్యాండ్ మీద. నువ్వు రాలేని టైం పెట్టి నువ్వు రాలేదంటే ఎట్లా? ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టమని అడుగు, రాత్రి పదింటి తర్వాత బహిరంగంగ మైకులు మోగొద్దని 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాలు ఎట్లాగూ ఉన్నయి, తొమ్మిదింటికి మొదలుపెట్టి వాళ్లు సాధించేది కూడా ఏం లేదు. స్కేల్ సంగతి ఇంకా చిన్నది. మగ గొంతు పాట చాలామంది ఆడోళ్లకు నాలుగైదు సెమీటోన్లు, అంటే కీబోర్డు మీద నాలుగైదు మెట్లు, జరిపితే గాని కుదరదు. స్కేల్ జరుపతందుకు కీబోర్డుకు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నది, గిటార్‌కు తీగల మీద బిగించే క్లిప్పు, కేపో, ఉన్నది. ఇంట్ల తంబురా యాప్ పెట్టుకోని నీ శ్రుతి చూసుకో, పాట పేరు పక్కన నీ స్కేల్ రాసి గ్రూప్‌ల పడెయ్యి. అప్పుడు కూడా జరపలేదంటే వాళ్లకు కావాల్సింది సింగర్ కాదు, స్టేజ్ మీద నిలబడే ఒక అమ్మాయి. అట్లాంటి కాడ ఉండకు.

ప్రశ్న: మా కీబోర్డాయన లొల్లి పెట్టుకోని పోయిండు. బతుకమ్మ మీద మేం చేసిన పాట ట్యూన్ తనదేనట, మేము ఎక్కడా వాయించొద్దట. రాసింది నేను, రికార్డింగ్ పైసలు ముగ్గురం పెట్టినం. యూట్యూబ్ పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గర్నే ఉన్నది.
(జనగామ నుంచి)

జవాబు: 1957 కాపీరైట్ చట్టం లెక్కల ఒక పాటల మూడు వేరే వేరే హక్కులుంటయి. రాసిన మాటలు నీయి. ట్యూన్ కట్టినోనిది. రికార్డింగ్ అనేది దాన్ని చేయించే బాధ్యత ఎత్తుకున్న నిర్మాతది, మీ కాడ పైసలు పెట్టి పని నడిపింది ముగ్గురైతే ఆయనొక్కనిదే అనుడు కుదరది. ట్యూన్ నిజంగ ఆయనొక్కడే కడితే ఆయనదే, ఆ బాధ తప్పదు. అందరు కూసోని ఒకలు ఒక లైను, ఇంకొకలు ఇంకో లైను అని, ఎవరిదెంతో విడదీయరాకుండ తయారైతే అది ఉమ్మడి. కానీ నాకు అసలు అనుమానం వేరే ఉన్నది. బతుకమ్మ పాట అన్నవు గదా, మన అమ్మలు, అమ్మమ్మలు పాడే ఉయ్యాలో వరుసల మీదనే ఎత్తుకున్నరా? అయితే ఆ వరుస ఆయనదీ కాదు, నీదీ కాదు, ఆయన కొత్తగ కలిపింది ఏదన్న ఉంటే అంతవరకే మాట్లాడొచ్చు.

హక్కు ఇంకొకలకు రాసియ్యాలంటే కాయితం మీద సంతకం ఉండాలె, నోటి మాట చెల్లది. మీ దగ్గర కాయితం లేదు, ఆయన దగ్గరా లేదు. నీ మాటలు లేకుంట ఆయన పాట వాడుకోలేడు, ఆయన ట్యూన్ లేకుంట నువ్వు వాడుకోలేవు, కాబట్టి పెద్దమనిషినొకర్ని పెట్టుకోని ఇద్దరూ వాడుకోవచ్చని ఒక పేజీ రాసుకోండ్రి, గొడవ పెద్దగైతే వకీలు దగ్గరికి పోండ్రి. ఛానల్‌కు వస్తే, పాస్‌వర్డ్ పంచుకునే పని లేకుంట యూట్యూబ్ స్టూడియోల పర్మిషన్స్ కాడ మేనేజర్లను చేర్చుకోవచ్చు. కొత్త ఛానల్ పెట్టే నాడే ఇద్దర్ని చేర్చుండ్రి.

ప్రశ్న: మా బేసిస్ట్‌కు హైదరాబాద్‌ల ఉద్యోగమొచ్చింది, ఇంకొకడు ఫైనలియర్. బ్యాండ్ ఖతమేనా?
(వరంగల్ నుంచి)

జవాబు: మన ఊర్లల్ల ఇది ఉండేదే. చదువుకునేటోళ్ల బ్యాండ్ ఆయుష్షు ఎన్నో సెమిస్టర్‌ల ఉన్నరో చూస్తే తెలుస్తది. పోయేటోన్ని ఆపలేం గాని వాని పార్ట్ ఆపుకోవచ్చు. పోకముందే ఒక్కొక్క పాట బేస్ ఒక్కటే వాయించమని ఫోన్‌ల రికార్డు చేసుకోండ్రి, స్కేల్, స్పీడు, ఎక్కడ ఆగాలె, ఎక్కడ లేవాలె రాసుకోండ్రి. కొత్తగ వచ్చినోడు వారంల ఎక్కుతడు, లేకుంటే మనకు మొత్తం పాటలు మళ్ల మొదటికెల్లి. మనిషి దొరికేదాక కీబోర్డు ఎడమ చెయ్యి బేస్ వాయించొచ్చు, ఎవరికీ తెల్వది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట రైలు తోవ సుమారు 130 కిలోమీటర్లే, నెలకోసారి శనివారం రాగలుగుతడేమో అడగండ్రి, ప్రతి వారం రమ్మంటే మాత్రం రెండు నెలలల్ల విసుగు పడ్తడు. ఇండియన్ ఓషన్ బ్యాండ్ చూడు, 2009ల అసీమ్ చక్రవర్తి చనిపోయిండు, 2013ల సుస్మిత్ సేన్ బయటికొచ్చిండు, పెట్టిన ఇద్దరూ లేకున్నా బ్యాండ్ నడిచింది.

ప్రశ్న: ప్రోగ్రామ్ అయినంక నాకెంతొస్తదో ఎవరూ చెప్పరు, జేబుల ఎంతో కుక్కి పంపుతరు. అడిగితే పైసల మనిషి అంటరు.
(ఢోలక్ కళాకారుడు, పరకాల)

జవాబు: ముందే అడుగన్నా, ఒప్పుకునే నాడే. లెక్కకు ఇరవై వేల ప్రోగ్రామ్ అనుకుంటే సౌండుకు ఆరు వేలు, వ్యానుకు రెండు వేలు పోతే పన్నెండు వేలు మిగుల్తయి. నలుగురుంటే అయిదు భాగాలు చెయ్యాలె, మనిషికి 2400, అయిదోది తీగలు, కేబుళ్లు, ఢోలక్ మూతలకు బ్యాండ్ దగ్గర ఉండాలె. అడ్వాన్స్ ఎంతొచ్చిందో గ్రూప్‌ల పెట్టమను. పెట్టనోళ్లతోని ఇంకో ప్రోగ్రామ్ ఒప్పుకోకు.

ప్రశ్న: ఒకేసారి రెండు బ్యాండ్లల్ల వాయించొచ్చా?
(ఒక డ్రమ్మర్, కరీంనగర్)

జవాబు: వాయించు. రెండు బ్యాండ్లకూ ముందే చెప్పు, డేట్లు ఎవరు ముందు అడిగితే వాళ్లకు. మంచి పైసలొచ్చినయని ముందు ఒప్పుకున్నోళ్లను వదిలెయ్యకు, నయీంనగర్ తమ్ముడు డ్రమ్మర్ కోసం చూస్తనే ఉన్నడు గాని ఆయన కూడా ఇదే అడుగుతడు.