మూడు రోజులు, ముగ్గురు పిల్లలు, పద్నాలుగు చోట్లు

ప్రశ్న: టీచరుగారూ, దసరా సెలవుల్లో శుక్ర, శని, ఆదివారాలు హైదరాబాద్‌లో మా తమ్ముడింట్లో ఉంటాం. వాళ్లుండేది చైతన్యపురి. పెద్దవాడికి పన్నెండేళ్లు, పాపకి ఎనిమిది, చిన్నాడికి నాలుగు. మా అత్తగారూ వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మావారు పద్నాలుగు చోట్లతో లిస్టు రాశారు. అన్నీ చూడగలమా?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: చూడలేరమ్మా. పరుగులు పెట్టి చూసినా పిల్లలకి మిగిలేది ఆటో కుదుపులే. మలక్‌పేటలో సర్కారు బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఏటా పిల్లలకి ఊరు చూపించే పని నా నెత్తినే పడేది. మొదటి ఏడు ఉత్సాహం కొద్దీ ఒక్కరోజులో ఆరు చోట్లు తిప్పాను. మర్నాడు ‘నిన్న ఏం చూశారో రాయండి’ అంటే సగం మంది పులిహోర పొట్లం గురించి రాశారు. అప్పట్నించీ పూటకి ఒక్కటే చూపించాను. మీవారి లిస్టులోనూ ఐదే ఉంచాను, ఆయన నన్ను తిట్టుకున్నా సరే.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకి సోమవారం సెలవు. కాబట్టి శుక్రవారం జూకే వెళ్లండి. ఆదివారానికి వాయిదా వేశారంటే జంతువుల కన్నా జనాన్నే ఎక్కువ చూస్తారు. బహదూర్‌పురాలో, మీరాలం చెరువు పక్కన ఉంటుంది. 1963లో తెరిచారు, సుమారు 380 ఎకరాలు. అంతా నడిచి చూడాలనుకుంటే మీ అత్తగారి మోకాళ్లే కాదు, మీవీ పోతాయి. లోపల బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి, చిన్నాడికి బొమ్మరైలు ఉంది. తలుపులు తీసే వేళకే ఉండాలి. ఎండెక్కాక పులీ సింహమూ పడుకుంటే పిల్లలకి వీపులే కనిపిస్తాయి.

మధ్యాహ్నం భోంచేసి, ఓపికుంటే అక్కడికి దగ్గర్లోనే సుధా కార్ల మ్యూజియం చూడండి. బూటు కారు, బంతి కారు, పెన్ను కారు, ఆఖరికి కమోడ్ కారు కూడా. అన్నీ కె.సుధాకర్ అనే ఆయన చేతుల మీద తయారైనవే, అన్నీ నడిచేవే. మీ పెద్దవాడు అక్కణ్నించి ఓ పట్టాన కదలడు.

శనివారం చైతన్యపురిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగండి. మధ్యలో మారక్కర్లేదు. అక్కణ్నించి సాలార్‌జంగ్ మ్యూజియానికి ఆటో. పదకొండున్నరకల్లా అక్కడున్న బొమ్మల గడియారం ముందు చోటు చూసుకోండి. గంట కావడానికి కాస్త ముందు పైన తలుపు తీసుకుని గడ్డం బొమ్మ బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు గంట మీద కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలూ వినొచ్చు. ఇంకో పక్క కమ్మరి బొమ్మ సెకనుకో సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. చాలామందికి కనిపించదు, మీ పాపకి చూపించండి.

ఈ గడియారం దగ్గరే ఒకసారి నా ప్రాణం పోయినంత పనైంది. బస్సు దగ్గర లెక్కపెడితే ఐదో తరగతి పిల్లాడొకడు తక్కువ. గదులన్నీ వెతికాం. చివరికి చూస్తే మేం వదిలి వెళ్లిన చోటే, నేల మీద బాసింపట్టు వేసుకుని తల ఎత్తి చూస్తున్నాడు. చెవి పట్టుకుని అడిగితే, ‘ఒంటిగంటకి నిజంగా ఒక్కటే కొడతాడా అని ఆగాను టీచర్’ అన్నాడు. చెవి వదిలేశాను. ఇంకా ఏడు నిమిషాలుంది. బస్సులో ఉన్నవాళ్లందర్నీ దింపించి మళ్లీ తీసుకొచ్చాను. ఒక్కటే కొట్టాడు.

అందుకే ఆ పూట ఆ ఒక్క మ్యూజియమే. సాయంత్రానికి ఏమీ పెట్టలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీం తినండి. మీరొచ్చేది సరిగ్గా ఆ పండ్ల రోజులే.

ఆదివారం అదే మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దాకా వెళ్లి నౌబత్ పహాడ్ కొండ ఎక్కండి. బిర్లా ప్లానెటేరియం 1985 నించీ ఉంది. తెలుగు ఆట ఎన్నింటికో కనుక్కుని టికెట్ తీసుకోండి. ఇంగ్లిషు ఆటలో కూర్చోబెడితే పాప నిద్రపోతుంది. లోపల దీపాలార్పగానే చిన్నాడు ఏడుస్తాడేమో, వాణ్ని వాళ్ల మామయ్యతో బయటే ఉంచితే మంచిది. పక్కనే బిర్లా మందిరం, దాన్ని ఆ ఐదింటి లెక్కలో వేయలేదు. మెట్లు చాలా ఉన్నాయి, ఫోన్లు లోపలికి రానివ్వరు. ఆ గుళ్లో గంటలుండవని పిల్లలకి ముందే చెప్పకండి, వాళ్లంతట వాళ్లు కనిపెడతారేమో చూడండి.

పొద్దు వాలాక లుంబినీ పార్కులో పడవెక్కి హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి వెళ్లండి. 1990లో ఆ విగ్రహాన్ని తీసుకెళ్తుండగా నీళ్లలో మునిగిపోయిందనీ, రెండేళ్లపాటు చెరువు అడుగునే ఉండి 1992లో పైకొచ్చిందనీ పడవలో చెప్పండి. గట్టు మీద చెబితే ఎవరూ వినరు.

రామోజీ ఫిల్మ్ సిటీకి రోజంతా పడుతుంది, ఖర్చూ ఎక్కువే. మళ్లీసారికి ఉంచుకోండి. విజయవాడ రోడ్డు మీదే కదా, ఎక్కడికీ పోదు. గోల్కొండ మీ పెద్దవాడికి ఒక్కడికే. కింద గుమ్మటం దగ్గర కొట్టిన చప్పట్లు పైన కొండ మీద వినాలంటే మూడొందల పైచిలుకు మెట్లెక్కాలి. వాళ్ల మామయ్య పెందలాడే తీసుకెళ్తానంటే సరే.

ప్రశ్న: బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం అసలుదేనా, చేసి పెట్టిందా? మా మనవడికీ నాకూ పందెం.
– ఒక తాతయ్య, మంచిర్యాల

జవాబు: ఎవరు ఏ పక్క కాశారో రాయలేదు మీరు. దాని పేరు కోటాసారస్. ఎముకలు మీ వైపువే, ప్రాణహిత-గోదావరి లోయలో యామనపల్లి దగ్గర తవ్వి తీశారు. 12 జంతువులవి కలిపి 840 దాకా ఎముకలు దొరికాయి. వాటిలోంచి ఏరి ఈ ఒక్కదాన్ని నిలబెట్టారు. పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. తల చేసి పెట్టిందే. అంటే మెడ దాకా ఒకరు గెలిచారు, తల దగ్గర రెండోవారు. పందెం ఐస్‌క్రీం అయితే చెరి సగం తినండి.