మాత్రల అట్టలు చూడకుండా సూది పట్టకు

చిరంజీవి సుధీర్‌కు,

అత్త ఆశీస్సులు. అనంతపురంలో ఎముక మజ్జ పరీక్షలు మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆ తర్వాతే టెన్షన్ మొదలైంది.

సూది ఎక్కడ గుచ్చాలో నీకు చెప్పనక్కర్లేదు. మొదట లాగేది అర మిల్లీలీటరు దాటనివ్వకు, రక్తం కలిసిపోతుంది. స్లైడ్లు మంచం పక్కనే వేసెయ్యి. మజ్జ రాకపోతే 'డ్రై ట్యాప్' అని రాసి చేతులు దులుపుకోకు. ట్రెఫైన్ సూదితో తీసిన ఎముక ముక్కను ఫార్మలిన్‌లో వేసేముందు స్లైడు మీద మెల్లగా దొర్లించు. మే నెలలో స్లైడ్లకు వేసే లీష్మన్ రంగుతో జాగ్రత్త. మన ఎండలకు మిథనాల్ ఆవిరై నలుసులు పడతాయి, కొత్తవాళ్లు వాటినే ప్లేట్‌లెట్లు అనుకుంటారు.

ఇక అసలు సంగతి. నేను కర్నూలులో ఉన్నప్పుడు ఆదోని వైపు నుంచి ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. మోకాళ్ల నొప్పులు, జ్వరం ఉంటే ఊళ్లో ఎవరో కీళ్లవాతమని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ముందు ఒక్క రక్తపరీక్ష లేదు. జ్వరం దిగింది, వాడు లేచి ఆడుకున్నాడు, ఇంట్లోవాళ్లకు ఆ డాక్టరు దేవుడైపోయాడు. మా దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడు పాలిపోయి ఉన్నాడు గానీ మజ్జలో బ్లాస్టులు, అదే ఎదగని కణాలు, ఎక్కడో ఒకటి. లుకేమియా, అంటే రక్తక్యాన్సర్, అని రాయడానికి ఆధారం దొరకలేదు. స్టెరాయిడ్ ఈ రకం బ్లాస్టులను (లింఫోబ్లాస్టులను) తాత్కాలికంగా కరిగిస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. కొన్ని వారాలకు మెడ నిండా గడ్డలతో తిరిగొచ్చాడు. ఈసారి మజ్జ నిండా బ్లాస్టులే. వాళ్లమ్మ కొంగుముడి విప్పి సగం వాడిన మాత్రల అట్ట నా చేతిలో పెట్టింది. "వీటితోనే తగ్గిందమ్మా, మళ్లీ ఇవే రాయండి" అంది.

అందుకే చెబుతున్నా. 'స్టెరాయిడ్ వాడారా' అని అడిగితే లేదనే అంటారు, పాపం ఆ మాట వాళ్లకేం తెలుసు! వాడిన అట్టలన్నీ తెమ్మను. 'బలానికి సూదులు వేయించారా' అని కూడా అడుగు. బి12 లోపంలోనూ మూడు రకాల రక్తకణాలూ పడిపోతాయి, మజ్జలో పెద్ద పెద్ద కణాలు చూసి క్యాన్సరేమో అని హడలిపోతాం. ఒక్క బి12 సూది పడితే ఒకటి రెండు రోజుల్లోనే ఆ రూపం మారిపోతుంది. శాంపిల్ ముందు, సూది తర్వాత అని వార్డువాళ్లతో పోట్లాడైనా సరే ఒప్పించు. నువ్వసలే మొహమాటస్తుడివి, చిన్నప్పుడు రెండో గారె కూడా అడిగేవాడివి కాదు. ఇక్కడ అది పనికిరాదు.

ఇంకొకటి. చిగుళ్ల రక్తం ఆగని మనిషి స్లైడులో ఆవర్ రాడ్లు, అదే బ్లాస్టుల్లోని పుల్లల్లాంటివి, కట్టలు కట్టలుగా కనిపిస్తే రిపోర్టు టైపయ్యేదాకా కూర్చోకు, వెంటనే ఫోన్ చెయ్యి. లుకేమియాలో ఈ ప్రోమైలోసైటిక్ రకంలో మొదటి రోజుల్లో ప్రాణం తీసేది రక్తస్రావమే. దానికిచ్చే ఏట్రా అనే మందు, అనుమానం వచ్చినప్పుడే మొదలవ్వాలి.

దసరాకు వచ్చేటప్పుడు పరీక్షకు పంపేవాళ్లు నింపే నీ రిక్వెస్ట్ ఫారం ఒకటి పట్టుకురా. వాడిన మందులు రాసే గడి ఎంత పెద్దగా పెట్టావో చూస్తాను.

మీ అత్త