3.82 వస్తే ప్యాకెట్ ఎందుకు పోతోంది?

ప్రశ్న: సార్, మాది భీమవరం దగ్గర పల్లె, డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాను. మా రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే డబ్బా ఒకటి మా సీనియర్ చేసిచ్చాడు, అది వైరు మీద ల్యాప్‌టాప్‌కి ప్యాకెట్లు పంపుతుంది. చెరువు నంబరు 2, తర్వాత వందతో గుణించిన ఆక్సిజన్ విలువ రెండు బైట్లలో, చివర ఈ మూడూ కూడిన చెక్‌సమ్ (దారిలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి). ప్యాకెట్‌కి అటూ ఇటూ 126 ఉంటుంది. లోపల 126 వస్తే 125, 94 అని, 125 వస్తే 125, 93 అని పంపుతుంది. నేను పైథాన్‌లో వచ్చిందంతా తీసుకుని, రీప్లేస్‌తో ఆ జతల్ని మామూలు చేసి, తర్వాత 126 దగ్గర స్ప్లిట్ చేస్తున్నాను. అన్నీ వస్తాయి గానీ డబ్బా మీద 3.82, 3.79 కనిపించినప్పుడు మాత్రం చెక్‌సమ్ తప్పు అంటోంది. వైరు మార్చినా అంతే.

జవాబు: వైరు తప్పేం లేదు తమ్ముడూ. ఆ రెండు నంబర్లు గమనించి రాశావు చూడు, తప్పు ఎక్కడుందో అవే చెబుతున్నాయి.

3.82 అంటే 382. అందులో 256 ఒక్కసారి పోతే 126 మిగులుతుంది, కాబట్టి బైట్లు 1, 126. చెక్‌సమ్ 129. వైరు మీద వచ్చేది ఇదీ: 126, 2, 1, 125, 94, 129, 126. నువ్వు ముందే రీప్లేస్ చేసేసరికి మధ్యలో 126 మళ్లీ పుట్టుకొచ్చింది, అది డేటానో హద్దురాయో తెలియక స్ప్లిట్ అక్కడ కోసేసింది. మరి 3.79లో 126 ఎక్కడుంది అంటావేమో, 2, 1, 123 కూడి చూడు. చెక్‌సమే 126!

అందుకని ముందు 126 దగ్గర విడగొట్టాలి, ఆ తర్వాతే ఒక్కో ముక్కనీ విప్పాలి, విప్పాకే చెక్‌సమ్ చూడాలి.

అయితే నన్నడిగితే రీప్లేస్ అసలు వద్దు. డేటాలోనే 125, దాని పక్కన 94 పడ్డాయనుకో, వైరు మీద 125, 93, 94 అని వస్తాయి. ముందు 93 జతని మారిస్తే 125, 94 మిగులుతాయి, రెండో రీప్లేస్ దాన్ని కూడా 126 చేసేస్తుంది, ఒక బైటు పోతుంది. ఇంకో చిక్కు ఏంటంటే, సీరియల్ పోర్టు నుంచి డేటా ప్యాకెట్ల లెక్కన రాదు, ఎంత చేరితే అంతే చేతికిస్తుంది, 125 ఈ విడతలో వచ్చి 94 తర్వాతి విడతలో రావచ్చు.

ఒక్కో బైటే చదువు, "ఇందాక 125 చూశానా" అన్నది ఒక వేరియబుల్‌లో గుర్తుపెట్టుకో. 126 వస్తే పోగైంది ప్యాకెట్, ఖాళీగా ఉంటే వదిలెయ్. 125 వస్తే దాన్ని దాచుకోకుండా గుర్తు మాత్రం పెట్టు. గుర్తు ఉండగా వచ్చిన బైటుని 32తో ఎక్సార్ (పైథాన్‌లో ^ గుర్తు) చేసి చేర్చు, గుర్తు తీసెయ్. 94 కాస్తా 126 అవుతుంది, 93 కాస్తా 125 అవుతుంది, రెంటికీ ఒకటే లెక్క. ఈ 126, 125, 32 మీ సీనియర్ సొంతంగా పెట్టినవి కావు, రెండు కంప్యూటర్లని నేరుగా ఒక లైను మీద కలిపే పీపీపీ అనే పద్ధతికి 1994లో వచ్చిన ప్రమాణంలో ఉన్నవే. ప్రోగ్రాం మొదలెట్టగానే దొరికే మొదటి ముక్క సగమే కావచ్చు, దాన్ని పారెయ్.

ఇది చిన్న తప్పే కదా అనుకోకు. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది, తెల్లారేముందే అది బాగా పడిపోతుంది. సరిగ్గా ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయాలా వద్దా అని మీ నాన్న చూసే వేళకే నీ ప్రోగ్రాం రీడింగ్ పారేస్తోంది.

సరిచేశాక పైన రాసిన ఏడు నంబర్లనీ చేత్తో ఇచ్చి చూడు. ఒకసారి అన్నీ కలిపి, ఇంకోసారి మొదటి నాలుగు, కాసేపాగి మిగతా మూడు. రెండుసార్లూ 2, 1, 126, 129 రావాలి. వచ్చేదాకా ఏరియేటర్ స్విచ్‌ని దీనికి కలపొద్దు.