సిప్ సంగతి తర్వాత, ముందు మీ జీతం లెక్క చూద్దాం

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ తరఫున ఆఫీసు దగ్గర సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తున్నాను. రోజూ 12 గంటల డ్యూటీ, వారానికి ఒక సెలవు. జీతం రూ.14,000. పీఎఫ్, ఈఎస్ఐ పోను రూ.12,215 చేతికొస్తుంది. నా భార్య ఇళ్లల్లో పనిచేసి రూ.5,000 తెస్తుంది. నిరుడు ఆమె ఆపరేషన్‌కు నూటికి 5 వడ్డీకి రూ.80,000 తెచ్చాం. ఇద్దరు పిల్లలు. వాళ్ల చదువు కోసం మ్యూచువల్ ఫండ్‌లో నెలకు రూ.500 సిప్ కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. నూటికి 5 అంటే ఏడాదికి 60 శాతం. అంత రాబడిని ఏ ఫండూ నిలకడగా ఇవ్వలేదు. నెలకు రూ.4,000 వడ్డీ కడుతున్నా అసలు తగ్గడం లేదు. మీ ఆవిడను బస్తీలోని పొదుపు సంఘంలో చేర్పించి బ్యాంకు రుణం కోసం అడగమనండి. బంగారం ఉంటే బ్యాంకులో కుదవపెట్టండి. రూపాయి వడ్డీకి దొరికినా, అదే రూ.4,000 కిస్తీగా కడితే రెండేళ్లలోపే అప్పు మొత్తం తీరిపోతుంది. యాప్ లోన్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు చదివి బాధేసింది, కోపమూ వచ్చింది. ఈఎస్ఐ కోస్తున్నారంటే వైద్యం మీ కుటుంబానికీ అందాలి. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగి ఉంటే ఈ అప్పే అవసరమయ్యేది కాదేమో! ఏజెన్సీని ఇన్సూరెన్స్ నంబర్ అడిగి, భార్యాపిల్లల పేర్లు ఎక్కించమనండి. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూడండి. మీ దగ్గర కోసిన రూ.1,680తో పాటు యజమాని వాటా కూడా కనపడాలి. ఏజెన్సీ కట్టకపోతే, మీరు కాపలా కాస్తున్న కంపెనీకీ బాధ్యత ఉంటుంది.

రెండోది ఓటీ, అంటే అదనపు గంటల కూలి. మీరు వారానికి 72 గంటలు పనిచేస్తున్నారు. 48 గంటలు దాటాక రెట్టింపు ఇవ్వాలి. అంటే ఆ 24 గంటలకు 48 గంటల కూలి. రూ.14,000 మామూలు డ్యూటీ జీతమైతే, దాదాపు ఇంకో రూ.14,000 మీకు రావాలి. ఓటీ కలిపే ఇస్తున్నామని ఏజెన్సీ అంటే, అసలు జీతం రూ.7,000కు పడిపోతుంది. అది కనీస వేతనం కన్నా తక్కువ. అలా పనిచేయించుకోవడం వెట్టిచాకిరేనని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్కరే అడిగితే తీసేస్తారన్న భయం ఉంటుంది. తోటి గార్డులను కలుపుకొని, డ్యూటీ రిజిస్టర్ ఫొటోలు, పే స్లిప్పులు దగ్గర పెట్టుకొని, యూనియన్ సాయంతో లేబర్ ఆఫీసుకు వెళ్లండి.

ఈ ఆదాయంతో బతికేవాళ్లకు పొదుపు నేర్చుకోమని చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అందరికన్నా తక్కువ కోట్ చేసిన ఏజెన్సీకే కాంట్రాక్టు ఇస్తుంటే, ఆ తగ్గింపు గార్డు జీతంలోంచే వస్తుంది. ఈ పద్ధతి మారాలి. తిండి, బట్ట, అద్దె, వంటచెరకు లెక్కగట్టి కనీస వేతనం నిర్ణయించాలని 1957లోనే ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే భారత కార్మిక మహాసభ తీర్మానించింది. అందులో 25 శాతం పిల్లల చదువు, వైద్యం, ముసలితనం లాంటి వాటికి ఉండాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు సిప్‌తో తీర్చాలనుకుంటున్న చదువు ఖర్చు అసలు మీ జీతంలోనే ఉండాలి. ప్రభుత్వాలు కనీస వేతనాన్ని ఆ లెక్కన సవరించాలి.

ఈలోగా జీతం పడే బ్యాంకులోనే ఏడాదికి రూ.436 కట్టే జీవన్ జ్యోతి, రూ.20 కట్టే సురక్ష బీమా తీసుకోండి. మొదటిది ఏ కారణంతో చనిపోయినా, రెండోది ప్రమాదంలో చనిపోతే రూ.2 లక్షలు ఇస్తుంది. నామినీగా మీ ఆవిడ పేరు రాయించండి.