పదకొండు పేజీల వెనుక వైపు

అమ్మాయీ,

నువ్వు పంపిన కవరు అందింది. మీరు కట్టుకోబోయే ఉమ్మడి కాలనీ కోసం రాసుకున్న నియమాలు, పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. సత్యం, సమానత్వం, ప్రకృతి పట్ల గౌరవం, రాబోయే తరాల పట్ల బాధ్యత... దేనికీ వంక పెట్టడానికి లేదు. తొమ్మిది కుటుంబాలు కలిసి స్థలం కొని, ఒకే బావి, ఒకే దారి, ఒకే నిధి పెట్టుకుని బతకాలనుకుంటున్నారని విని మీ పెద్దమ్మ కూడా సంతోషించింది. అయితే చదువుతున్నంతసేపూ నన్ను ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. సెప్టిక్ ట్యాంకు నిండితే ఎవరు చూస్తారు? పదకొండు పేజీలూ వెతికాను, జవాబు కనిపించలేదు.

వేళాకోళానికి అనడం లేదు. ఇరవై రెండేళ్లు ఒక ఉమ్మడి కాలనీకి కార్యదర్శిగా చేశాను. అన్నేళ్లలో సత్యం గురించి పోట్లాడుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. చెత్త గురించి పోట్లాడుకున్నారు, నీళ్ల గురించి పోట్లాడుకున్నారు, సమావేశానికి రానివాళ్ల గురించి వచ్చినవాళ్లు పోట్లాడుకున్నారు. రోత పని ఏళ్ల తరబడి ఒకే మనిషి మీద పడే చోట సమానత్వం అన్న మాట గోడకెక్కించకపోవడమే మర్యాద. ఆ మనిషికి జీతమిచ్చి చేయించుకుంటున్నా సరే. ముందు ఆ పనుల జాబితా రాయండి. వంతులు వేసుకోండి. మొదటి వంతు, ఈ పదకొండు పేజీలు రాసినదానివి కాబట్టి, నీది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

ఒక వేసవిలో మా నీళ్లు అడుగంటాయి. ముప్పై రెండు ఇళ్లు, ఇంటికి అరగంట చొప్పున వంతు పెట్టాం. వాల్వు తిప్పే ఇనుప కడ్డీ నా చేతికిచ్చారు, నిజాయతీపరుడినని. మా ఇంటి వంతు వచ్చినప్పుడు పది నిమిషాలు ఆలస్యంగా కట్టేవాడిని. దొంగతనం అనిపించలేదు. పొద్దుటి నుంచి అందరి కోసం తిరుగుతున్నాను, ఒంటి నిండా చెమట, రెండు బిందెలు ఎక్కువ పట్టుకుంటే తప్పేమిటని సమాధానం చెప్పుకున్నాను. చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒక రోజు నన్ను పిలిచింది. పెరట్లో తొట్టి గోడకు బొగ్గుతో గీసిన గీతలు చూపించింది. రోజుకొక గీత, ఆ రోజు నీళ్లు ఎంతవరకు వచ్చాయో అంతవరకు. పంతొమ్మిది గీతలు. మొదటి గీతకూ చివరి గీతకూ జానెడు తేడా ఉంది. ‘‘కాస్త చూసి పెట్టు నాయనా, నాకు కళ్లు సరిగా ఆనవు’’ అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నీళ్ల మట్టం గీతలు సరిగ్గా గీసిన కళ్లవి!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కడ్డీ నా దగ్గర ఉంచుకోలేదు. వారానికొక ఇంటికి మారేలా పెట్టాం. వాల్వు పక్కనే ఒక నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. తిప్పిన సమయం, కట్టిన సమయం అందులో రాయాలి, దారిన పోయే ఎవరైనా తిరగేసి చూడవచ్చు. నేను నిజం ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. నిండు సమావేశంలో ఒప్పుకున్నాను. తిట్టినవాళ్లూ ఉన్నారు. అంతకు ముందు నా మాట చెల్లినదానికంటే ఆ తర్వాతే ఎక్కువ చెల్లింది. ఎందుకో నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

అందుకే నీ మూడో పేజీలో ‘మేమందరం ఒకరినొకరు నమ్ముతాం’ అన్న వాక్యం కింద గీత గీశాను. నమ్మండి. కానీ పుస్తకం తెరిచి ఉంచి నమ్మండి. మూసి ఉన్న లెక్కల మీద నిలిచే నమ్మకం మంచివాడిని కూడా చెడగొడుతుంది, అందుకు నేనే సాక్షిని.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోకు. 1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త, ఉమ్మడి పచ్చికలో ప్రతి కాపరీ ఇంకొక పశువును తోలుతూనే పోతాడు, చివరికి పచ్చిక మిగలదు అని రాశాడు. చాలామంది తలూపారు. ఎలినార్ ఆస్ట్రమ్ మాత్రం ఉమ్మడి ఆస్తులను వందల ఏళ్లుగా కాపాడుకుంటున్నవాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో వెతికి చూసింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకుంది, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆవిడే. ఆవిడ చెప్పిన వాటిలో స్విట్జర్లాండ్ కొండల్లోని టోర్బెల్ అనే ఊరి సంగతి నాకెంతో ఇష్టం. శీతాకాలంలో తన గడ్డితో ఎన్ని ఆవులను సాకగలడో, వేసవిలో ఉమ్మడి పచ్చికకు ఎవరైనా అన్నింటినే తోలాలి. 1517 నాటి నియమం అది. ఎంత తెలివైన కొలతో చూడు! ఎవరెంత మంచివాడో తేల్చే పని లేదు. గడ్డివాము చూస్తే లెక్క తెలిసిపోతుంది. పైగా జరిమానా వసూలు చేసే అధికారికి అందులో సగం దక్కేది, కాబట్టి మొహమాటపడి ఊరుకోవడానికి అతనికీ కారణం లేదు.

మీ నియమాలను కూడా అలా మార్చు. ‘నీటిని పొదుపుగా వాడాలి’ అన్నది నియమం కాదు, కోరిక. నెల మొదటి రోజున బావిలో తాడు వదిలి మట్టం కొలిచి, అందరికీ కనిపించే చోట రాయండి. ఇంత లోతుకు దిగితే మొక్కలకు నీళ్లు ఆపాలి, ఇంకా దిగితే వంతులు వేసుకోవాలి అని ఇప్పుడే, నీళ్లకు కరువు రాకముందే తేల్చుకోండి. ఎండిపోయాక కూర్చుంటే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే నియమం అవుతుంది. 1713లో జర్మనీలో కార్లోవిట్జ్ అనే గనుల అధికారి, అడవి తిరిగి పెరిగేంత మేరకే కలప కొట్టాలని రాశాడు. గనులకూ కొలుములకూ కలప కరువై పుట్టిన ఆలోచన అది. రాబోయే తరాల గురించి నువ్వు రాసిన రెండు పేజీల సారమంతా అందులోనే ఉంది. ఎంత తిరిగి వస్తుందో కొలవనివాడికి ఎంత తీసుకోవచ్చో తెలియదు.

శిక్షల గురించి. తప్పు చేసినవారిని బయటికి పంపుతామని తొమ్మిదో పేజీలో రాశారు. మొదటి తప్పుకే? అలాగైతే ఎవరూ ఎవరి తప్పూ బయట పెట్టరు, ఆ పెద్దావిడ తొట్టి గీతల్లాగే అన్నీ గోడల చాటునే ఉండిపోతాయి. స్పెయిన్‌లోని వాలెన్సియాలో కాలువ నీళ్ల తగాదాలు తీర్చే కోర్టు ఒకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి గుమ్మం దగ్గర, అందరి ఎదుటా కూర్చుంటుంది. న్యాయమూర్తులు రైతులే, వాళ్లను ఎన్నుకునేదీ రైతులే. వాదనంతా నోటిమాటగానే, తీర్పు అక్కడికక్కడే. మీకూ అలాంటిదే కావాలి. చిన్న జరిమానా, వెంటనే, నలుగురిలో. పెద్ద శిక్ష పదే పదే తప్పు చేసేవారి కోసం దాచుకోండి.

ఇంకొక మాట, ఇది మీ వాళ్లకు నచ్చదు. మీలో అందరికంటే నిష్ఠగా ఉండే మనిషి ఒకరుంటారు. ఉత్తరాన్ని బట్టి చూస్తే ఎవరో ఊహించగలను కూడా. ఆ మనిషికి లెక్కలు రాసే పని ఇవ్వండి, బాగా చేస్తారు. తగాదాలు తీర్చే పని మాత్రం ఇవ్వవద్దు. తాను ఎన్నడూ తప్పు చేయలేదని నమ్మేవారి దగ్గరికి తప్పు చేసినవారు పోరు, దాక్కుంటారు.

ఓటు విషయం తేలికే. 1844లో ఇంగ్లాండ్‌లోని రోచ్‌డేల్‌లో నేతపనివాళ్లూ మరికొందరు కార్మికులూ కలిసి, ఇరవై ఎనిమిది మంది, ఉమ్మడి దుకాణం పెట్టుకున్నారు. ఎవరి వాటా ఎంతైనా మనిషికి ఒకే ఓటు అన్నారు. మీ ఎనిమిదో పేజీలో డబ్బు ఎక్కువ పెట్టినవారికి ‘ప్రత్యేక సలహా హక్కు’ అని ఉంది. కొట్టేయండి. సలహా ఇవ్వడానికి హక్కెందుకు, నోరు చాలు. ఇక ఒక కుటుంబం విడిపోవాలనుకుంటే వాళ్ల డబ్బు ఎలా, ఎన్నాళ్లలో తిరిగి ఇవ్వాలో కూడా అందరూ నవ్వుతూ ఉన్న ఇప్పుడే రాసుకోండి.

తొమ్మిది కుటుంబాలని రాశావు. మరి మీ ఇళ్లు కట్టేవాళ్లు? రేపు ఆ ఇళ్లలో అద్దెకు దిగేవాళ్లు? వాళ్లూ ఆ బావి నీళ్లే తాగుతారు. మీ సమావేశంలో వాళ్లకు కుర్చీ లేదు. మా కాలనీలో ఈ తప్పు పదిహేనేళ్లు చేశాం. కాపలా మనిషి వర్షంలో గొడుగు పట్టుకుని నిలబడి ఉండగా లోపల మేము న్యాయం గురించి చర్చించుకున్న సాయంత్రం ఒకటి ఉంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

బావి తవ్వకం మొదలయ్యాక కబురు చెయ్యి, పెద్దమ్మా నేనూ వస్తాం. నీ పదకొండు పేజీలూ ఇదే కవరులో తిరిగి పంపుతున్నాను. ఒక వైపే అచ్చు వేశారు. మొదటి నెల లెక్కలకు వెనుక వైపు సరిపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న